మేం చెప్పిందే రాయి
సుమిత తమిళనాడులోని గుడియాత్తం నుంచి రోజూ బస్సులో వేలూరు వెళ్ళి, ఒక కాలేజీ ప్రయోగశాలలో పనిచేసేది. ఇంట్లో మాట తెలుగే అయినా చదువంతా తమిళంలో, ఇంగ్లీషులో సాగింది. అండమాన్ దీవుల్లో పగడపు దిబ్బలను కాపాడటానికి తెరచాప పడవలో తిరిగే సంస్థ ఒకటి, తెలుగు మాట్లాడే వాలంటీర్లు కావాలని ప్రకటించింది. అక్కడి దీవుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి స్థిరపడిన జాలర్లున్నారు. సుమిత పేరిచ్చింది.

లుంగీల అంగడి నడిపే అన్న వెంకటాద్రి మండిపడ్డాడు.

"మన పాలారు ఏట్లో నీళ్ళు చూసే ఎన్నో ఏండ్లాయ. నువ్వు సముద్రంలో యాడికి పోతావు? తెలుగు చదవను గూడా రాదు నీకు."

"మాట్లాడను వచ్చు గదన్నా. వాళ్ళడిగింది అదే. నేను పొయ్యేది పొయ్యేదే."

పడవెక్కిన మొదటి మూడు రోజులూ సుమిత వాంతులతో పడవ అంచు వదల్లేదు. ఆ తర్వాత అందరితో కలిసి, పగడాలకు చుట్టుకున్న తెగిన వలలను కోసి పడవలోకి లాగింది. అరచేతులు చీరుకుపోయినా ఆ పని ఆమెకు నచ్చింది.

పదో రోజు నలభై ఇళ్ళున్న ఒక దీవిలో దిగారు. పడవ నాయకుడు వినోద్‌కుమార్ చెన్నైవాడు. తెలుగులో అచ్చువేసిన కాగితాలు ఆమెకిచ్చి, ఆడవాళ్ళ వేలిముద్రలు తీసుకోమన్నాడు.

"హాజరు కోసమని చెప్పు, చాలు," అన్నాడు తమిళంలో.

అదే కాగితం ఇంగ్లీషు ప్రతిని సుమిత అంతకుముందే పడవలో చదివింది. దిబ్బల మీద గుల్లలు ఏరడం ఇక మానేస్తామని ఒప్పుకోలు అది. ఆ ఇళ్ళలో చాలా రోజులు గుల్లలే కూర.

పైడమ్మ అనే పెద్దావిడ కాగితం తిప్పి చూసింది. "ఏటి రాసుందమ్మా ఇందులో?"

సుమిత ఉన్నమాట చెప్పేసింది. "ఇంక మీరు గుల్లలేరకూడదని రాసిండారవ్వా."

ఆడవాళ్ళు కోపంతో గోల చేశారు. సంగతి గ్రహించిన వినోద్‌కుమార్ ముఖం ఎర్రబడింది. "నువ్వు వాలంటీరువి. చెప్పింది చెయ్యి."

"మాట్లాడనుకే గదా సార్ పిలిచినారు? మాట్లాడతాండా."

పైడమ్మ ఆమె పక్కన చతికిలబడింది. "గుల్ల గుడ్డెట్టే రెండు నెలలూ మేం దిబ్బ తొక్కం. మా అత్త కాలం నుంచీ అంతే. వలలు తెంపి ఒగ్గేత్తంది పెద్ద బోట్లోళ్ళు. ముందు ఆళ్ళ చేత ముద్దరెయించండి. నే సెప్పింది రాయమ్మా."

తెలుగు అక్షరాలు రాని సుమిత, కాగితం వెనక్కి తిప్పి, ఆ తెలుగు మాటల్నే తమిళ అక్షరాల్లో రాసింది. చదివి వినిపించింది. ఒకచోట పైడమ్మ ఆపింది.

"'వేడుకుంటన్నాం' అని రాసేవా? కొట్టెయ్. 'సెప్తన్నాం' అని రాయి."

కొట్టేసి రాసింది. దాని కింద ముప్పై ఒక్కమంది వేలిముద్రలు వేశారు.

తర్వాతి రేవులో సుమితను పడవ దింపేశారు. సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఆమె ఓడలో చెన్నై చేరి, అక్కణ్ణుంచి రైల్లో గుడియాత్తం వచ్చింది.

"తరిమేసినారా?" అన్నాడు వెంకటాద్రి. జరిగినదంతా లుంగీలు మడతపెడుతూ విన్నాడు. "నేనైతే ఆ ముద్రలు వేయించి వచ్చేసి ఉందును," అన్నాడు చివరికి.

సుమిత ఆ కాగితం నకలు సంస్థకూ, మత్స్యశాఖకూ పంపింది. నెల తర్వాత సంస్థ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. గుల్లలేరడం ఆ రెండు నెలలు ఆపితే చాలని ఒప్పుకున్నారట. అయితే అది తమ పడవవాళ్ళు నేర్పిన పద్ధతి అని తమ నివేదికలో వేసుకుంటారట. ఆమె సరేననాలి.

"అనను. వాళ్ళ అత్తల కాలం నుంచీ ఉండాది అది," అని ఫోను పెట్టేసింది.

ఆ వారమే ఇంకో సంస్థ పడవకు దరఖాస్తు పెట్టింది. పాత పడవ ఎందుకు దిగారన్న చోట, 'అబద్ధం చెప్పమన్నారు, చెప్పలేదు' అని రాసింది.