పెద్దరాములు కూలి

“కూలి తీసిన!” అంది కౌసల్య, గల్లాపెట్టె మూస్తూ.

మిషను రొదలో ఆమె భర్త పెద్దరాములుకు సగమే వినబడింది. తొక్కుడు ఆపి చటుక్కున పైకప్పు వంక చూశాడు. “ఏం కూలిందే?”

“రేకులు కాదయ్యా, నీ కూలి! రూపాయి.”

పటాన్‌చెరు ఫ్యాక్టరీ గేటెదురుగా ఖాకీ బట్టలు కుట్టే దుకాణం అతనిది. మిషను మాత్రం సత్తిబాబుది, కిరాయికి. వంగీ వంగీ వీపు విల్లయింది. సూది పోట్లకు బొటనవేలు జల్లెడైంది. కొలతలో కచ్చితం, లెక్కలో వదులు. కత్తెర చేతబట్టీ ఖర్చు కత్తిరించడం నేర్వలేదు. లోకానికంతా జేబులు కుట్టి, తన జేబు చిల్లు మరిచాడు. దారం, గుండీలు, కిరాయి పోగా మిగిలిందంతా లాభమేనని చాయ్‌లకూ చేబదుళ్లకూ పంచేవాడు.

నిరుడు పక్క ఊరు చిట్కుల్‌లో కౌసల్యకూ తోటి ఆడవాళ్లకూ లెక్కలు చెబుతూ సువార్తమ్మ టీచరు అడిగింది: “అన్నీ లెక్కేసిండ్రు. మరి కుట్టినోని చెయ్యి ఏడ లెక్కేసిండ్రు?” ఆనాటి నుంచీ దుకాణం తెరిచిన ప్రతిరోజూ కౌసల్య ఓ రూపాయి తీస్తోంది.

“నా దుకాణంల నాకు కూలేంది? దినాం గల్లా తక్కువొస్తుంది” అని గేటు దగ్గర అందరితో మొత్తుకునేవాడు.

“ఇంట్లనే దొంగను పెట్టుకున్నవ్, రాములన్నా!” అని కార్మికులు నవ్వేవాళ్లు.

ఓ శనివారం సత్తిబాబు వచ్చాడు. నవ్వలేదు. “మిషను అమ్ముతున్న. మూడొందలు. పొద్దుగూకేలోపు నువ్వు కొంటే నీది, లేకుంటే లేపుకపోత.”

పెద్దరాములు మళ్లీ మిషను తొక్కాడు. పొద్దంతా కుడుతూనే ఉన్నాడు. మధ్యమధ్య మిషను చక్రాన్ని పసిబిడ్డ తలలా నిమిరాడు.

సాయంత్రం సత్తిబాబు రిక్షా తెచ్చాడు. కౌసల్య పీలికల కుప్ప కింది నుంచి బిస్కెట్ డబ్బా లాగి, మూడు వందలు లెక్కపెట్టి అతని చేతిలో పెట్టింది.

“ఎవరియ్యే గివి?” పెద్దరాములు డబ్బా వంక చూశాడు.

“నీయే. నీ దగ్గర నువ్వు పనిజేసిన పైసలు.”

ఖాకీ గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. “జెర నువ్వు ఇంటికి నడువు. ఈ ఒక్క జేబు కుట్టి వస్త.”

రాలేదు. కౌసల్య తిరిగొచ్చేసరికి, తన మిషను మీద చెంప ఆనించి నిద్రపోయినట్టే ఉన్నాడు. చల్లబడ్డ కాలు తొక్కుడు బల్ల మీదే ఉంది.

నాలుగో నాడు కార్మికులు దుకాణం ముందు నిలబడ్డారు. దుకాణం ఇక ఉంటుందా అని ఎలా అడగాలో ఎవరికీ తెలియలేదు.

“గల్లాల దొంగను నేనే,” అంది కౌసల్య, ఖాళీ డబ్బా ఎత్తి చూపిస్తూ. “ఆయన కూలే దాచిన. మిషను మనదైంది. దుకాణం నడుస్తది. ఇగ నా కూలి పడుతది ఈ డబ్బాల.”

ఎవరూ నవ్వలేదు. ఆమె మిషను ముందు స్టూలు మీద కూర్చుంది.

సూది కింద, అతను సగం కుట్టిన ఖాకీ జేబు అలాగే ఉంది.