క్లెమ్ బావ బిగించిన గొలుసులు

మా అక్క నోలీన్ మొగుడు క్లెమ్‌కి ఒక జబ్బుంది. కొట్లో దొరికే ఏ వస్తువునైనా తన షెడ్డులో తానే చేసుకోగలనని నమ్ముతాడు. మా గోధుమ పొలాల ఊళ్ళో ఆ జబ్బు చాలామంది మగవాళ్ళకుంది గాని, బావకి ముదిరినట్టు ఎవరికీ ముదరలేదు.

ఆ ఏడు కోతలయ్యాక బావ ఒక పాత క్యాంపర్ కొన్నాడు. పికప్ బండి వెనక తొట్టిలోకి జరిపి కూర్చోబెట్టుకునే చిన్న గది అది. లోపల ఒక పరుపు, ఒక పొయ్యి, బుల్లి ఫ్రిజ్జు. అమ్మిన ముసలాయన గది ఇచ్చాడు గాని, దాన్ని బండికి పట్టి ఉంచే బిగింపులు ఎక్కడో పారేసుకున్నాడు. నాలుగు మూలలా అవి లేకపోతే మొదటి మలుపులోనే గది బండి దిగి తన దారిన తాను పోతుంది.

"పట్నంలో రెడీమేడ్‌వి దొరుకుతాయిగా, కొనుక్కురా," అంది అక్క.

"కొనడమా!" అన్నాడు బావ. అడుక్కుతినమన్నట్టు మొహం పెట్టి షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

మొదటి బిగింపులు మనవలు గెంతి గెంతి వదిలేసిన ట్రాంపొలిన్ స్ప్రింగులతో చేశాడు. "స్ప్రింగుంటే గదికీ సుఖం, బండికీ సుఖం," అని నాకు బోధించాడు. ధాన్యం గోదాముల వైపు పోయే కంకర రోడ్డు మీద పరీక్ష పెట్టాడు. వెనక నా కారులో నేనూ అక్కా. ఆ రోడ్డంతా రేకుల కప్పులా గాళ్ళు పడి ఉంటుంది. ప్రతి గాడికీ గది ఒక గెంతు వేసేది. బండి ఎడమకి తిరిగితే గది కుడికి చూసేది. కంచె అవతల గొర్రెలు మేత మానేసి వరసగా నిలబడి చూశాయి.

గోదాముల దగ్గర ఆగాక అక్క గది తలుపు తీసింది. పళ్ళేలన్నీ పరుపు మీద పడుకుని ఉన్నాయి. ఫ్రిజ్జులో మీగడ డబ్బా మూత తీసి, వంగి చూసి, నన్ను పిలిచింది.

"ఒరేయ్ రెక్స్, ఇలా రా. మీ బావ క్యాంపర్ కాదురా చేసింది, కవ్వం చేశాడు."

నిజంగానే లోపల వెన్న ముద్ద కట్టింది. బావ వేలితో తీసి నాకాడు.

"ఉప్పు వేస్తే బాగుంటుంది," అన్నాడు.

ఆ మాటకి అక్క డబ్బా మూత ఠపీమని పెట్టేసింది. బావకి మాత్రం పౌరుషం వచ్చింది. రెండోసారికి, ఊబిలో దిగిన ట్రాక్టర్లని లాగే గొలుసు తెచ్చాడు. విరిగిన డిస్కు నాగలి పళ్ళేలు కోసి పట్టీలు చేసి, బండి చట్రానికి వెల్డింగ్ పెట్టాడు. కంచె తీగలు బిగించే మరలు గొలుసులకి తగిలించి, ఇనప గొట్టం దూర్చి, మొహం ఎర్రబడేదాకా తిప్పాడు. చివరికి, దారిలో వదులవుతాయేమోనని, నట్లకి కూడా వెల్డింగ్ చుక్క పెట్టేశాడు.

"మరి విప్పడమెలా బావా?" అన్నాను.

"బిగింపు పని బిగించడంరా బామ్మర్దీ. విప్పడం దాని పని కాదు."

అప్పటికి అక్క ఆడే బౌల్స్, అంటే పచ్చిక మీద బంతులు దొర్లించే ఆట, పోటీలు ఇంకా అవలేదు. అవి అయితే గాని ప్రయాణం లేదు. అందుకని బావ ఊళ్ళో ఎక్కడికి వెళ్ళినా గదితో సహా వెళ్ళేవాడు. చర్చికీ అంతే, చెత్త పారెయ్యడానికీ అంతే. ఒక అంత్యక్రియలకి శవపేటిక బండి వెనకే దాన్ని పోనిచ్చాడు. ఈయన శ్మశానంలోనే మకాం పెడతాడేమోనని పోయినాయన దూరపు చుట్టాలు కంగారు పడ్డారు. పోనుపోను బావకి నెత్తిన గది ఉందన్న సంగతే గుర్తుండటం మానేసింది.

కోరల్ నడిపే పబ్బు పక్కన, బండి దిగకుండా బీరు కొనుక్కుపోయే రేకుల పందిరి ఒకటుంది. ఒక శుక్రవారం సాయంత్రం బావా నేనూ అటు వెళ్ళాం. పందిరి ముందు ఎత్తు రాసి వేలాడదీసిన పలక గది నెత్తిన టంగుమంది.

"ఎవరో తలుపు కొట్టినట్టున్నారు," అంటూనే బావ ముందుకి పోనిచ్చాడు.

కర్రుమంది. బండి ఆగిపోయింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు.

బీరు పెట్టెతో వస్తున్న కోరల్ అక్కడే నిలబడిపోయింది. "ఏంటయ్యా క్లెమ్, నా కొట్టుకి బిరడా కొట్టావు? అసలే శుక్రవారం!"

వెనక బండ్లవాళ్ళు హారన్లు మోగిస్తున్నారు. బావ దిగి, కింద వంగి గొలుసులు చూసి, వెలిగిపోతున్న మొహంతో లేచాడు.

"చూశావురా! వెంట్రుకవాసి కదల్లేదు!"

"అదే కదా బావా మన ఖర్మ. గొలుసులు విప్పడానికి వీలైతే గదినిక్కడ వదిలి, బండి లాక్కుని పోయేవాళ్ళం."

ఇంతలో రోడ్డవతల బౌల్స్ మైదానం నుంచి అక్క ఆట కోసం వేసుకున్న తెల్ల బట్టల్లోనే వచ్చింది. వచ్చీరాగానే టైర్లలో సగం గాలి తీయించింది. గది కొంచెం దిగింది గాని, ఇంకా వేలెడు చాలలేదు. అక్క పబ్బు గుమ్మంలో నిలబడి గొంతెత్తింది.

"బరువున్నవాళ్ళు ముందుకి రండి! గదిలో కూర్చోవాలి!"

మగవాళ్ళు పొట్టలు లోపలికి పీల్చుకున్నారు. మా ఫుట్‌బాల్ జట్టుకి గోడలా నిలబడే హ్యూయీ గోడవైపు తిరిగి, "నేనీ మధ్య తగ్గానండీ," అన్నాడు.

చివరికి పాస్టరు మాల్కమ్ గారు గ్లాసు పక్కన పెట్టి లేచారు. "దేవుడు పెట్టిన బరువు దాచుకోకూడదమ్మా," అంటూ వెళ్ళి గదిలో కూర్చున్నారు. బండి కిర్రుమంది. అయినా ఇంకెవరూ కదల్లేదు.

"లోపల కూర్చున్నవాళ్ళకి బీరు ఉచితం! కోరల్ ఇస్తుంది!" అంది అక్క.

"నేనెందుకిస్తానూ?" అంది కోరల్.

"పందిరి ఎవరిదీ? నీదేగా!"

అంతే. తగ్గానన్న హ్యూయీ అందరికంటే ముందు ఉరికాడు. అతని తల్లి, ఆవిడ వెనక ఇద్దరు చెల్లెళ్ళు. పుల్లలా ఉండే పశువుల డాక్టరు కూడా, "కనబడను గాని నా ఎముకలు బరువు," అంటూ తోసుకుని ఎక్కాడు. బండి చక్రాల మీద చతికిలబడింది. గదికీ రేకులకీ మధ్య వెలుగు కనబడింది. బావ రివర్సు వేసి, నత్తలా బయటికి తీశాడు. గాలి కోసం పైన పెట్టిన మూత ఒక్కటే ఊడి పందిరికి అంటుకుపోయింది. జనం చప్పట్లు కొట్టారు. లోపలివాళ్ళు మాత్రం పెట్టె ఖాళీ అయ్యేదాకా దిగేది లేదన్నారు. ఎవరో పేక కూడా అందించారు.

మర్నాడు పొద్దున్న టైర్లకి గాలి కొడదామని వెళ్ళేసరికి షెడ్డులో నిప్పురవ్వలు ఎగురుతున్నాయి. అక్క కళ్ళద్దాలు పెట్టుకుని, ఇనుము కోసే మిషనుతో ఆఖరి గొలుసు తెంపుతోంది. బావ చూస్తే ఏమంటాడోనని నేను గుమ్మంలోనే ఆగిపోయాను. బావ టీ కప్పుతో వచ్చి, నేల మీద పడున్న గొలుసు ముక్కల్ని వంగి ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"ఎన్ని బ్లేడ్లు అరిగాయి?" అన్నాడు మెల్లిగా.

"మూడు," అంది అక్క.

"మూడా!" బావ మొహం విచ్చుకుంది. "విన్నావురా రెక్స్? మూడు బ్లేడ్లు తిన్నాయట!"

ఆ మధ్యాహ్నమే నేను పట్నం వెళ్ళి రెడీమేడ్ బిగింపులు తెచ్చి తగిలించాను. పోటీలయ్యాక అక్కా బావా సముద్రం వైపు బయల్దేరారు. ఆగిన ప్రతిచోటా బావ పక్క గుడారాలవాళ్ళని కూర్చోబెట్టుకుని మూడు బ్లేడ్ల కథ చెప్పాడట. చెప్పేముందు, కొన్న బిగింపులు కనబడకుండా నాలుగు మూలలా తడి తువ్వాళ్ళు ఆరేసేవాడట.