రాయని పేపరు

అరవై రెండేళ్ల మనిషి బీఏ చదువుతానంటే నవ్వేవాళ్లకేం తక్కువ? ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు నడిపే మొగుడు బసవపున్నయ్యే ముందు నవ్వాడు. ఛాయాదేవి పట్టించుకోలేదు. పెళ్లి కుదిరిందని ఇంటర్‌తోనే మాన్పించేసిన చదువు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, తన బుర్రతో తను పాసవ్వాలి. అదే ఆవిడ పంతం.

బెంజ్ సర్కిల్ దగ్గర ఓ దూరవిద్య సెంటరులో చేరింది. పెద్దవయసు వాళ్లకు దారి చూపించడానికని అక్కడ అఖిలేష్ అనే కౌన్సెలర్ ఉండేవాడు. ఏ పుస్తకం ముందు చదవాలి బాబూ అంటే, "మీరేం టెన్షన్ పడకండి ఆంటీ, మేం చూసుకుంటాంగా" అనేవాడు. ఎకనామిక్స్ తలకెక్కడం లేదన్నా అదే మాట. సలహా అడిగితే జోకొడతాడేంటి ఈ అబ్బాయి అని విసుక్కుని, ఆవిడే కూర్చుని చదువుకుంది. పొయ్యి మీద పప్పు మాడుతున్నా లేవకుండా చదివింది.

తెలుగు, చరిత్ర పేపర్లు వేళ్లు వాచేలా రాసింది. ఎకనామిక్స్ నాడు బసవపున్నయ్యకు ఒళ్లు తెలియని జ్వరం. ఆయన్ని ఆస్పత్రిలో చేర్చి, పరీక్ష పోయిందని అక్కడే బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. పోన్లే, వచ్చే ఏడు రాద్దామనుకుంది.

ఫలితాలొచ్చాయి. ఎకనామిక్స్‌లో ఎనభై ఒకటి!

ఆదరాబాదరా సెంటరుకు వెళ్లింది. "బాబూ, ఆ పరీక్షకి నేనసలు రానే లేదు కదయ్యా!"

అఖిలేష్ లేచి తలుపు దగ్గరగా వేశాడు. "అంకుల్ ముందే మాట్లాడేశారాంటీ. అన్ని పేపర్లూ మావాళ్లే రాశారు."

"మరి నేను రాసినవి?"

"అవెందుకాంటీ ఇప్పుడు? పాసయ్యారు కదా."

ఇంటికొచ్చి మొగుణ్ణి నిలదీసింది. "నువ్వు తప్పితే షాపులో నా పరువేం కావాలి?" అన్నాడాయన. "మంచి చేసినా ఏడుస్తావేంటే!" తెల్లారేసరికి ఆవిడ ఫొటోతో సెంటరు ముందు ఫ్లెక్సీ కూడా కట్టించేశాడు. ఆ రోజంతా ఆవిడ అన్నం ముట్టలేదు.

సెంటరులో సన్మానమంటే, నలుగురిలో నిజం చెప్పేద్దామనే వెళ్లింది. మైకు ఇస్తేగా! శాలువా కప్పి, ఫొటో తీసుకుని, దిగిపొమ్మన్నారు.

మెట్ల దగ్గర తన ఈడు మనిషే ఒకావిడ చెయ్యి పట్టుకుంది. "నా పేరు జ్ఞానప్రసూనాంబ అండీ, గుణదల నుంచొచ్చాను. మీ ఫ్లెక్సీ చూసే చేరదామనుకుంటున్నా. ఈ వయసులో గట్టెక్కుతానంటారా?"

ఛాయాదేవి ఆవిణ్ణి పక్కకు లాగింది. ఏమీ దాచలేదు. "ఇక్కడ మనం రాసింది ఎవరూ చదవరండీ. మన పేరు మీద వాళ్లే రాసేస్తారు. నేను కష్టపడి రాసినవి ఏ చెత్తబుట్టలో పడేశారో కూడా తెలీదు. మీరు చేరొద్దు."

జ్ఞానప్రసూనాంబ ముఖం విప్పారింది. "అమ్మయ్య! తప్పితే మా కోడలి ముందు తలెత్తుకోలేనని ఎంత బెంగపెట్టుకున్నానో! చల్లటి మాట చెప్పారండీ," అంటూ ఛాయాదేవి చేతులు రెండూ కళ్లకద్దుకుని, గబగబా లోపలికి వెళ్లిపోయింది.