నీళ్ళ చెంబులో నార

మంజులమ్మ పూలు కట్టే అరటి నారను చెంబులో నానబెట్టేసరికి గుర్రప్ప తెల్లచొక్కాకు గుండీలు పెట్టుకుంటున్నాడు. ఆ చొక్కా పెళ్ళిళ్ళకూ, భార్య పర్మిట్ పొడిగింపుకూ మాత్రమే. ఈ మధ్య పెళ్ళిళ్ళు తగ్గాయి.

మూకండపల్లి ఫ్యాక్టరీలో రేకులకు చిల్లులు కొట్టే పని అతనిది. ఎడమచేతి చూపుడువేలికి గోరు లేదు. దాన్ని మిషను తీసుకుంది. సెలవులకు మాత్రం భార్య కాగితాలే చిల్లు పెట్టేవి.

ఆమె సిలోను తేయాకు తోటలో పుట్టింది. తాత సూళగిరి నుంచి అక్కడికి కూలికి పోయినవాడు. మేనత్త కొడుకును చేసుకుని హోసూరు వచ్చి పదకొండేళ్ళయినా, సర్కారు లెక్కలో ఇంకా చుట్టపుచూపుగా వచ్చిన మనిషే. ఏటా గడువు పొడిగించాలి. ఆ పొడిగింపులో పొడుపులే ఎక్కువ.

పాస్‌పోర్టులో ఆమె పేరు కాళమ్మ. అత్త పేరూ అదే. కోడలిని ఆ పేరుతో తిడితే అత్తను తిట్టినట్టవుతుందని తలంబ్రాల నాడే మంజులమ్మ అని మార్చారు. అత్త పేరు కోడలి నోట రాకూడదు, ఆ పేరుకు ఆమె పలకనూ కూడదు. అందుకే ఆఫీసులో పిలిచినప్పుడల్లా గుర్రప్ప పక్కనుండి మోచేత్తో తట్టి లేపేవాడు.

అది ఎనభై మూడు జూన్. గడువుకు ఆఖరి రోజు. కృష్ణగిరి పర్మిట్ ఆఫీసుకు ఇది నాలుగో రాక. ఒకసారి ఫొటోలో చెవి కనబడలేదన్నారు, ఒకసారి ఫారం మారిందన్నారు, ఒకసారి ఆఫీసరే కనబడలేదు. ఒక్క సంతకానికి సంతలో ఆవును చూసినట్టు ఆమెను ఎగాదిగా చూసేవారు. ఈసారి గుమాస్తా చెన్నరాయప్ప స్టాంపు చాలదన్నాడు. ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి గుర్రప్ప స్టాంపు కోసం పరుగెత్తాడు.

అరగంటకు తిరిగి వచ్చాడు. ఆమె బెంచీ మీదే ఉంది. కాగితం మీద మాత్రం లేదు. 'పిలిచినా హాజరు కాలేదు' అని రాసి, ఆఫీసరు సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

"మీ ఎదురుగానే కూర్చొని ఉండాది కదా సార్."

"కాళమ్మా అని మూడుసార్లు పిలిచినానప్పా. ఎవరూ లేయలేదు."

గుర్రప్ప భార్య వైపు తిరిగాడు. ఆమె తల దించుకుంది.

"అది అత్త పేరు కదా. నేనెట్ల లేసేది?"

గుర్రప్ప తమ ఇంటి పద్ధతి వివరించాడు. అది మీ ఇంటి నియమం, ఇది సర్కారు నియమం అని చెన్నరాయప్ప నవ్వాడు. నియమంలో యముడున్నాడు, సరే. అంత పెద్ద ఆఫీసులో మనిషి ఎక్కడున్నాడు? బెంచీ మీద కూర్చున్న ఆడమనిషి కనబడని కళ్ళకు ఫొటోలో చెవి ఎలా కనబడుతుంది?

ఫ్యాక్టరీలో కూడా గొంతు పెంచని గుర్రప్ప గోరులేని వేలు బల్ల మీద ఆనించాడు.

"పదకొండేండ్లు ఈయమ్మ కాళమ్మ కాకుండా మా ఇంట్లో బతికింది. ఈ పొద్దు మీరు మనిషే కాదంటా ఉండారు."

చెన్నరాయప్ప బీరువాకు తాళం వేశాడు.

పదిహేను రోజుల్లో దేశం విడవాలని, సిలోను నుంచి కొత్తగా అర్జీ పెట్టుకోవచ్చని కాగితం వచ్చింది. రామేశ్వరం పడవ అందుకోవడానికి ఆమె హోసూరులో సేలం బస్సెక్కింది. రెండు నెలల్లో వచ్చేస్తానని, నార ఎండనీయవద్దని మొగుడికి చెప్పింది. బస్సు కదులుతుంటే అత్త కిటికీ పట్టుకుంది.

"కాళమ్మా, పోయిరామ్మా."

పెళ్ళయ్యాక ఆ పేరుకు ఆమె మొదటిసారి పలికింది.

తోట నుంచి ఒక ఉత్తరం వచ్చింది. జులై ఆఖరులో అక్కడి అల్లర్లలో ఇక్కడినుంచి పోయిన కూలీల ఇళ్ళు తగలబెడుతున్నారని ఫ్యాక్టరీలో ఎవరో పేపరు చదివి వినిపించారు. ఆ తర్వాత ఉత్తరాలు లేవు.

గుర్రప్ప డ్యూటీకి పోయేముందు రోజూ చెంబులో నీళ్ళు మారుస్తాడు. నార చివర్లు నల్లబడ్డాయి గానీ, ఇంకా ఎండలేదు.