గట్టిపడేదాకా

"నా టవలెక్కడ?" అన్న మాటతో మొదటి అచ్చు పోయింది.

స్నానాల గది తలుపు సందులోంచి మొగుడు వేసిన కేక అది. టవలుండేది ఆ తలుపు వెనకే, కొక్కేనికి. పద్నాలుగేళ్ళుగా అక్కడే ఉంటోంది. అయినా ఆమె దిగ్గున లేచింది. లేచాక గానీ గుర్తు రాలేదు, ఎడం చెయ్యి డబ్బాలో ఉందని. సగం గట్టిపడ్డ అచ్చులోంచి చెయ్యి ఊడి వచ్చేసింది, బురదలోంచి చెప్పు ఊడినట్టు.

కాలేజీలో పిల్లలు ఆమెని బొగ్గక్క అంటారు. ముప్ఫై ఆరేళ్ళకి బొమ్మల కాలేజీలో చేరి, అందరికంటే ఎక్కువ బొగ్గు అరగదీసేది ఆమే కాబట్టి. గోళ్ళలో నలుపు సెలవుల్లో కూడా పోదు. ఆ పేరంటే ఆమెకి ఇష్టం. ఇంట్లో అయితే "ఇదిగో", "ఏమ్మాయ్", "ఎక్కడున్నావ్" అనే మూడు పేర్లకీ పలుకుతుంది.

ఇది మూడో ఏడు, ఆఖరి పని. ఎవరి చేతిని వాళ్ళే అచ్చు తీసి, ప్లాస్టర్ పోసి, సోమవారం పొద్దున్నే మాస్టారి బల్ల మీద పెట్టాలి. పెట్టనివాళ్ళు ఇంకో ఏడాది కూర్చోవాలి. ఆమెకి ఆ ఇంకో ఏడాది లేదు. చేరినరోజే మొగుడు చెప్పేశాడు, "మూడేళ్ళన్నావు, మూడేళ్ళే. ఆ పైన ఒక్క రోజైనా నేనొప్పుకోను" అని.

అచ్చు తీసే పొడి, పళ్ళ డాక్టర్లు దవడ కొలతకి వాడేదే. చల్లటి నీళ్ళలో కలిపితే చిక్కటి పెరుగులా అవుతుంది. అందులో చెయ్యి ముంచి ఐదు నిమిషాలు కదపకుండా ఉంచితే రబ్బరులా బిగుస్తుంది. అప్పుడు వేళ్ళు మెల్లగా ఆడిస్తూ బయటికి తీస్తే, అరచేతి గీతలతో సహా లోపల చెయ్యంత ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో ప్లాస్టర్ పోయాలి. క్లాసులో అందరూ గురువారమే అచ్చులు తీసుకున్నారు. ఆ రోజు ఆడపడుచు వస్తోందని అత్తగారు ఆమెని కాలేజీకి వెళ్ళనివ్వలేదు. "ఆడపిల్ల గుమ్మంలోకొచ్చేసరికి కోడలు మట్టి పిసుక్కుంటూ ఎక్కడో ఉంటే ఏం బావుంటుంది?" అంది. శుక్రవారం మాస్టారు మూడు పొట్లాలు చేతిలో పెట్టి, "ఇవే ఆఖరివమ్మా. కదిలావా, పోయిందే" అన్నారు.

మొదటిది టవలుకి పోయింది. రెండోది శనివారం బెల్లుకి. బెల్లు మోగినప్పుడు అత్తగారు వీధి తలుపుకి రెండడుగుల్లో కుర్చీలోనే ఉంది, టీవీ చూస్తూ. "ఏమ్మాయ్, బెల్లు వినపడట్లేదా?" అంది. బొగ్గక్క లేవలేదు, నిజమే. కానీ "వస్తున్నా" అని ఆ వైపు తిరిగింది. భుజం తిరిగితే మోచెయ్యి తిరిగింది, మోచెయ్యి తిరిగితే వేళ్ళు తిరిగాయి. ఆశ చావక అందులో ప్లాస్టర్ పోసింది. ఆదివారం పొద్దున విప్పి చూస్తే వేళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, బొటనవేలికి పక్కన ఇంకో బుడిపె.

"ఇదేంటి, అల్లం కొమ్మా?" అన్నాడు మొగుడు.

అత్తగారు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట!"

ఆమె కూడా నవ్వింది. అదీ ఆమెని రోజంతా తినేసింది. గిన్నెలు తోముతున్నా, దుప్పట్లు మడతపెడుతున్నా అదే. నేనెందుకు నవ్వాను? పోయినేడు మట్టితో తల చేసినప్పుడూ ఇంతే. మట్టి ఎండిపోకుండా తడిగుడ్డ కప్పి ఉంచితే, కంపు కొడుతోందని అత్తగారు గుడ్డ లాగి ఉతికి ఆరేసింది. సాయంత్రానికి తల నుదుటి నించి గడ్డం దాకా చీలింది. "గుడ్డకి అంత కథ ఉందని నాకేం తెలుసు?" అంటే, "పోనీలెండత్తయ్యా" అని నవ్వింది. గీతలు చెదరకుండా బల్ల మీద పరిచిన బొగ్గుబొమ్మ మీద మొగుడు వేడి కాఫీ కప్పు పెట్టి, గుండ్రటి మరక చూసి, "చందమామ వచ్చాడు, బావుంది" అంటే అప్పుడూ నవ్వింది. మట్టికి తడి కావాలి, బొగ్గుకి పొడి కావాలి, ప్లాస్టర్‌కి వేళ కావాలి. ప్రతి వస్తువూ తనకేం కావాలో మొండిగా చెప్పి సాధించుకుంటుంది. ఆ మొండితనానికే కాబోలు వాటిని ప్రేమించింది. తను మాత్రం ఎవరు ఏ గిన్నెలో పోస్తే ఆ గిన్నె ఆకారంలో సర్దుకుంది. ఈ ఇంట్లో ఎన్నడూ గట్టిపడని పదార్థం తనొక్కతే.

సాయంత్రం మూడో పొట్లం విప్పుతూ ఇద్దరికీ చెప్పింది. "ఐదు నిమిషాలు నన్ను పిలవకండి."

"నిన్నెవరు పిలుస్తారు?" అన్నాడు మొగుడు, పేపర్లోంచి తలెత్తకుండా.

"ఐదు నిమిషాల్లో కొంపేం మునిగిపోదులే, వెళ్ళు" అంది అత్తగారు.

వంటింటి వెనక చిన్న గదిలో పీట వేసుకుని, గోడ గడియారం చూసి ఎడం చెయ్యి ముంచింది. నిమిషం కాకముందే అత్తగారు వంటింట్లోకి వచ్చిన చప్పుడు. "పాలు కాగొస్తున్నాయమ్మాయ్, పొంగకుండా చూడు!" అని మళ్ళీ టీవీ ముందుకెళ్ళిపోయింది.

ఆమె బదులు పలకలేదు. డబ్బాలో చల్లదనం నెమ్మదిగా వేళ్ళని పట్టుకుంటోంది.

"ఇదిగో, నా కళ్ళజోడు చూశావా?"

పలకలేదు.

సుయ్యిమంది పొయ్యి. మాడు వాసన. ఆమె కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. వాటిని నేలకేసి నొక్కిపట్టింది. పద్నాలుగేళ్ళుగా ఈ వాసనకి పరిగెత్తిన కాళ్ళు, ఆపడం మాటలా!

"ఏదో మాడుతోందిరా!" అంది అత్తగారు.

మొగుడు వచ్చాడు. వంటింట్లోంచి నడిచి, ఆ గది గుమ్మంలో నిలబడ్డాడు. "పాలు పొంగిపోతుంటే ఇక్కడ కూర్చున్నావేంటి? ముక్కు పనిచెయ్యట్లేదా?"

ఆమె డబ్బా మీంచి చూపు తిప్పకుండా అంది. "మీరు పొయ్యి దాటుకునే కదా ఇక్కడికొచ్చారు."

ఈసారి ఆమె నవ్వలేదు. అతనికి అదే కొత్తగా ఉంది. వెనక్కి తిరిగి, పొయ్యి ఆర్పాడు.

"మసిగుడ్డెక్కడ?"

పొయ్యి పక్కన మేకుకి, సరిగ్గా అతని ముక్కు ఎదురుగా. జవాబు ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. చూపించడానికి కుడిచేతి వేలు కూడా లేచింది. దాన్ని ఒళ్ళోకి దించుకుంది.

"వెతకండి."

అవతలి గదిలోంచి అత్తగారు కేకేసింది. "ఏం చేస్తున్నార్రా ఇద్దరూ?"

"గుడ్డ వెతుకుతున్నానమ్మా!"

బొగ్గక్క గడియారం వైపు చూసింది. ఇంకా రెండు నిమిషాలు.