మంచి మరణ సభవారి పెట్టె

నేను ఒక శవపేటికను. వేపచెక్కతో చేసి నాలుగు పిడులు బిగించారు. ఏ ఒక్కరికీ సొంతం కాను. మనిషిని గుంట దాకా మోసి, దించి, ఖాళీగా తిరిగి రావడమే నా పని. నాలో పడుకున్నవారెవరూ నన్ను తప్పుపట్టలేదు. చిక్కంతా మోసేవారితోనే.

నన్ను చేయించింది గోపు శౌరిరెడ్డిగారు. పల్నాటి అంచున ఒక చిన్న ఊళ్లో క్రైస్తవుల గుడికి ఉపదేశి. పదహారేళ్లుగా లత్తీను మాటలకు తెలుగు అర్థాలు కూర్చి నిఘంటువు రాస్తున్న పండితుడు. పూజ చేసే స్వాములవారు ఆర్నెల్లకొకసారి వచ్చే ఊరది; మిగతా రోజుల్లో ప్రార్థన నడిపేది ఆయనే. ధాత నామ సంవత్సరపు కరువులో ఊరికి వాంతిభేది తగిలి, శవాన్ని ముట్టడానికి తోడబుట్టినవాళ్లే జంకుతుంటే, ఆయన పన్నెండుమందిని కూడగట్టి మంచి మరణ సభ పెట్టారు. 'జ్ఞానస్నానం పొందిన ప్రతివారికీ ఈ పెట్టె వెళ్తుంది' అని నియమం రాసి గుడి తలుపుకు అంటించారు.

ఒక ఉదయం మాలపల్లె నుంచి దేవసహాయం వచ్చి శౌరిరెడ్డిగారి వాకిట్లో నిలబడ్డాడు.

"మా ఎలీశమ్మ పోయిందయ్యా. పెట్టె పంపించండి."

అక్కడున్న సభవారు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "ఆ వాడకు పోయొచ్చిన దాంట్లో రేపు మావాళ్లను పండబెట్టమంటావా శౌరీ?" అన్నాడు బాలిరెడ్డి.

"నువ్వు పద, కబురు పంపిస్తా" అని దేవసహాయాన్ని సాగనంపి, శౌరిరెడ్డిగారు నిఘంటువు ముందు కూర్చున్నారు. కలం సిరాలో ముంచుతారు, ఆరిపోనిస్తారు. ఒక్క మాటా పడలేదు. పొద్దు నడినెత్తికెక్కి వాలింది.

భార్య రాయమ్మ గడపలోకి వచ్చింది. "తలుపు మీద ఉన్నది మీ చేతిరాతే గదా! దాన్నన్నా చించి రండి, ఈ పెట్టెనన్నా ఎత్తండి."

ఆయన లేచారు. ముందు పిడులు ఆయన పట్టారు, వెనక పిడులు రాయమ్మ పట్టింది. ఊరు తలుపు సందుల్లోంచి చూసింది.

మేం మాలపల్లె చేరేసరికి దేవసహాయం చేతులకు అంటిన మట్టి ఇంకా ఆరలేదు. "ఎండకి ఆగదు గదయ్యా. చాపలో చుట్టి పూడ్చేశాం" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఇంత దూరం మోసుకొచ్చారు, దాహం తీసుకోండి" అని ముంత అందించాడు. శౌరిరెడ్డిగారు తాగారు. రాయమ్మా తాగింది.

ఖాళీగా రావడం నాకు అలవాటే. ఎవరినీ మోయకుండానే ఖాళీగా వచ్చింది ఆ ఒక్కనాడే.

ఆదివారం ప్రార్థన ముగిశాక ఆయన అందరి ముందూ నిలబడ్డారు. "ఎలీశమ్మను మనం మోయలేదు. తప్పు బాలిరెడ్డిది కాదు, నా పిరికితనానిది." ఏడుగురు సభ విడిచి వేరే పెట్టె చేయించుకున్నారు. మిగిలిన ఐదుగురితో దేవసహాయం చేరాడు. కరువు తీరేలోగా రెండు వాడలవారినీ నూటికి పైగా మోశాను. నిఘంటువు సగంలోనే నిలిచిపోయింది.

ఇప్పుడు గుడి వెనక గదిలో ఉన్నాను. సభవారి మరణాల పుస్తకం నాలోనే పెట్టి మూశారు. ప్రతి పేరు పక్కనా తేదీ ఉంది. ఎలీశమ్మ పేరు పక్కన తేదీతో పాటు ఆయన ఇంకో ముక్క రాశారు: 'పొద్దు వాలాక వెళ్లాం.'