ఏడవని పిల్ల

వేములవాడ ప్రయాణమై ఆ ఉదయం సోలాపూర్ స్టేషనులో మూడవ తరగతి పెట్టె ఎక్కినవారు ఐదుగురు. మొదట ఇంటిపెద్ద సిద్ధరాములు, చేతికర్ర తప్ప మరే బరువూ లేకుండా ఎక్కాడు. ఆయన వెనుక కొడుకు రాజారాం, నెత్తిన ట్రంకుపెట్టెతో. తరువాత సిద్ధరాములు భార్య పోచమ్మ. దారిపొడుగునా మనుమరాలిని తానే ఎత్తుకొంటానని చెప్పి ఉన్నందువల్ల ఆమె వట్టి చేతులతో ఎక్కింది. ఆఖరున కోడలు బాలమణి, ఒక చేతిలో నీళ్ల కూజా, మోచేతికి సద్దిమూట, చంకలో ఏడాది నిండని కూతురు కమల. చంకలోని పిల్లను అత్త చేతికి ఆమె ఇవ్వలేదు.

కమల పుట్టువెంట్రుకలు రాజన్న సన్నిధిలో తీయించాలన్నది మొక్కు. అది 1954వ సంవత్సరం. కరీంనగరం ప్రాంతం నుంచి మగ్గాన్ని నమ్ముకొని సోలాపూర్ వచ్చి సాఖర్‌పేటలో స్థిరపడిన కుటుంబం వారిది. ఊరు మారినా మొక్కులు మాత్రం పాత దేవుడికే చెల్లించేవారు.

పేటలో కమలకు ఒక పేరు ఉండేది. ఏడవని పిల్ల. మగ్గాల చప్పుడుకు ఉలిక్కిపడదు. ఆకలికి రాగం తీయదు. ఇరుగుపొరుగు స్త్రీలు తమ పిల్లలను భుజాన వేసి జోకొడుతూ వచ్చి, పోచమ్మ ఒడిలో ఏదో మహిమ ఉన్నదని మెచ్చుకొని పోయేవారు. ఉదయం పాలిచ్చిన వెంటనే పోచమ్మ పిల్లను తీసుకొనేది; తునికాకూ పొగాకూ నింపిన చాట బాలమణి ఒడిలోకి వచ్చేది. చాట ఉన్నంతసేపు ఆ ఒడిలో మరొకరికి చోటు లేదు. సాయంకాలం బీడీలు కార్ఖానాలో అప్పగించి వచ్చిన తరువాత మగ్గానికి నూలు కండెలు చుట్టాలి, ఆపైన వంట. బీడీల కూలి భర్త చేతికి పోయేది. కండెల పనికి కూలి అన్న మాటే పుట్టలేదు, అది ఇంటిపని. ఇవన్నీ ముగిసి పిల్ల తన చేతికి వచ్చేసరికి అది నిద్రలోనే ఉండేది.

మొదట్లో బాలమణి ఆ నిద్రకు సంతోషించింది. తరువాత దానిని అనుమానించడం మొదలుపెట్టింది. కళ్లు తెరిచినా పిల్ల చూపు ఎక్కడా నిలవదు. కాళ్లు సన్నబడుతున్నాయి. నాలుగు గుక్కలు తాగి రొమ్ము వదిలేస్తుంది. ఆ అనుమానానికి ఒక రూపం లేదు కనుక అది అన్నింటి మీదా వాలేది. దిష్టి అనుకొన్నది. తన చేతుల పొగాకు ఘాటు అనుకొని శనగపిండితో వేళ్లు రుద్దుకొన్నది. ఒకనాడు భర్తతో అన్నది. అతడు అన్నం కలుపుతూ, "మా అవ్వ దగ్గర సల్లగుంటది. నీ దగ్గరికొస్తెనే నస వెడ్తది. నీ పాలే మంచిగ లెవ్వేమో, సూసుకో" అన్నాడు. ఆ మాట విన్నాక ఆమె కొంతకాలం తన పాలనే అనుమానించింది. అందుకు కారణమూ ఉన్నది. కమలకు ముందు పుట్టిన కొడుకు కూడా ఇట్లాగే నెమ్మదైన బిడ్డ. నానమ్మ ఒడిలో నిద్రపోయి మళ్లీ లేవలేదు. అప్పుడు కూడా వచ్చినవారందరూ తల్లి పాల సంగతే మాట్లాడుకొన్నారు.

ప్రయాణం నిశ్చయమైననాడు బాలమణి ఒక సంకల్పం చేసుకొన్నది. ఇల్లు దాటినది మొదలు పిల్లను తన ఒంటి నుంచి దింపదు. రైలులో చాట ఉండదు, కండెలు ఉండవు; పిల్లను తన నుంచి తీసుకోవడానికి ఎవరికీ సాకు దొరకదు. అప్పుడు ఏం జరుగుతుందో చూస్తుంది.

"ఇయ్యి పిల్లా, రెక్కలు గుంజుతయి" అని బండి కదలకముందే పోచమ్మ చేతులు చాచింది.

"ఇయ్యాల నాకేం పనున్నదత్తమ్మా? కూసుండుడే గద" అని బాలమణి నవ్వింది. అత్త నవ్వకపోవడం గమనించింది.

కాసేపటికి ఎండ తగులుతుందని పోచమ్మ మళ్లీ అడిగింది. ఆ తరువాత నీళ్లు తాగిస్తానన్నది. ఆ తరువాత ఏ కారణమూ చెప్పకుండానే చేతులు చాచింది. అడిగిన ప్రతిసారీ ఆ గొంతులో మురిపెం తగ్గి తొందర పెరుగుతున్నట్లు బాలమణికి తోచింది.

అక్కల్‌కోట్ రోడ్డు స్టేషను దాటాక కమల ఆవులించసాగింది. వెంట వెంట తుమ్మింది. ముక్కు కారింది, నుదురు చెమర్చింది, చేతులు సన్నగా వణికాయి. ఆపైన ఏడ్చింది. మధ్యలో ఊపిరికి తప్ప దేనికీ ఆగని ఏడుపు అది. పాలు పట్టితే కక్కింది. ఎదుటి బల్ల మీది మరాఠీ పెద్దమనిషి ఒకటి రెండు సలహాలు చెప్పి చూసి, ఇటువంటివారు బండ్లు ఎందుకు ఎక్కుతారని పక్కవారిని అడిగాడు. సిద్ధరాములు తలవంపుగా భావించి కిటికీ వైపు తిరిగాడు. ఇంట్లో బంగారంలా ఉండే పిల్లను కోడలు ఒక్క పూటలో పాడుచేసిందని కిటికీకి చెప్పాడు.

రాజారాం మాత్రం పిల్లను చూడలేదు. తల్లిని చూశాడు. ముందుకు వంగి, గొంతు తగ్గించి, "తెచ్చినవా అవ్వా?" అని అడిగాడు.

"ఏం తెచ్చిండ్రు?" అన్నది బాలమణి.

"వక్కలు" అన్నాడతడు.

రాజారాంకు వక్క నమిలే అలవాటు లేదు. ఉదయం నుంచి అత్త ఒక్కతె చుట్టూ తిరుగుతున్న ఆమె అనుమానం ఆ క్షణాన పక్కకు జరిగి, తన పక్కలో పడుకొనే మనిషి మీద ఆగింది.

పోచమ్మ కొంగుచాటున నడుముకున్న సంచిలో ఏదో తడిమింది. తరువాత బుజ్జగించే నెపంతో చూపుడువేలు పిల్ల పెదవుల దగ్గరకు తెచ్చింది. బాలమణి ఆ మణికట్టు పట్టుకొన్నది. గోటి చివర ఆవగింజంత నల్లటి ముద్ద అంటుకొని ఉన్నది. కోడలు అత్త చేయి పట్టుకోవడాన్ని పెట్టెలో అందరూ చూస్తున్నారు. వారు చూస్తుండగానే ఆమె ఆ వేలిని తన నోట పెట్టుకొని నాకింది. కటిక చేదు. ఆ వాసన ఆమె ఎరిగినదే. మోకాళ్ల నొప్పులకు సిద్ధరాములు పాలలో కలుపుకొని తాగే గిన్నెను రోజూ తోమేది ఆమెయే.

"నల్లమందు" అన్నది. గొంతు పెంచలేదు.

సిద్ధరాములు ఇటు తిరిగాడు. "అయితే ఏందట? అదేమన్న ఇసమా? పేటల తినకుంట పెరిగిన పోరడెవ్వడు? నీ మొగడు తినే పెరిగిండు. పిల్లలు లొల్లి వెడ్తుంటే ఆడోల్లకు పనెట్ల సాగుతది?"

"నా కొడుకు సుత తిన్నడా మామా?"

సిద్ధరాములు మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. గుల్బర్గా స్టేషను వచ్చింది. బాలమణి పిల్లను గుండెకు అదుముకొని లేచి నిలబడింది.

"మొక్కుకు పోయే బండి దిగుతవా? నీకు ఈడ ఎవ్వలెరుక?" అని రాజారాం అడ్డం వచ్చాడు.

"ఎవ్వలెరుక లేరు. దవఖాన యాడున్నదని అడుగుత. నోరున్నది గద" అని ఆమె అతడిని తప్పుకొని దిగింది.

ఇక మిగిలినవారూ దిగక తప్పలేదు. సిద్ధరాములు ట్రంకుపెట్టెకు కాపలాగా స్టేషనులో ఉండిపోయాడు. దారిలో రాజారాం భార్య పక్కన నడుస్తూ నెమ్మదిగా, దాదాపు ప్రేమగా మాట్లాడాడు. పళ్లు వస్తున్నాయని చెబుదామన్నాడు. నల్లమందు మాట ఎత్తితే పోలీసులు వస్తారని, ఈ వయసులో జైలుకు పోయేది తన తల్లి అని, ఆ పాపం ఎవరికి చుట్టుకొంటుందో ఆలోచించుకొమ్మని అన్నాడు. జైలు మాట వచ్చినప్పుడు అతడు తన పేరు చెప్పలేదన్న సంగతిని బాలమణి మనసులో పెట్టుకొన్నది. పోచమ్మ వారి వెనుక నడుస్తున్నది. ఆమెకు ఆ మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి.

దవఖానాలో డాక్టరు పిల్ల కనురెప్పలు ఎత్తి చూసి, ఏం పెట్టారని అడిగాడు. పళ్లొస్తున్నాయని రాజారాం చెప్పాడు. బాలమణి నల్లమందు అన్నది. రాజారాం చిన్నగా నవ్వి, మొదటి బిడ్డ పోయినప్పటి నుంచి తన భార్యకు అందరి మీదా అనుమానమేనని డాక్టరుకు వివరించాడు. డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆమె చెప్పినదే నిజమైతే ఎంత పెడుతున్నారు, ఎన్నాళ్ల నుంచి, ఆఖరిసారి ఎప్పుడు అని అడిగాడు. అవి తెలియకుండా తాను మందు ఇస్తే అదే పిల్ల ప్రాణం మీదకు రావచ్చునన్నాడు.

ఇన్ని నెలలుగా బాలమణి పెంచుకొన్నది అనుమానమే. దానికి కొలత లేదు. పిల్ల గొంతు బొంగురుపోయింది. ఏడుపు ఇప్పుడు కీచుమంటున్నది.

అప్పుడు పోచమ్మ ముందుకు వచ్చింది. నడుము సంచి విప్పి, అందులోని చిన్న డబ్బీని డాక్టరు బల్ల మీద పెట్టింది.

"తెచ్చింది నా కొడుకు, పెట్టింది నేను. నా కోడలుకు ఎరుకలేదు. పొద్దుగాల ఆవగింజంత, పగటీలి మల్ల గంతే. పిల్ల బోర్లపడ్డప్పటి సంది పెడుతున్న. నిన్న పగటీలి పెట్టిందే ఆఖరు. ఇయ్యాల బిడ్డను నా చేతికి ఇయ్యనే లేదు."

రాజారాం ఆమె భుజం పట్టుకొని వెనక్కి లాగాడు. ఆమె ఆ చేతిని తీసివేయలేదు, వెనక్కి జరగనూ లేదు. డాక్టరు వైపు నుంచి కోడలి వైపు తిరిగింది.

"మొదటోనికి సుత పెట్టిన. గా దినం జర ఎక్కువైంది. పొద్దుందాక లేస్తడేమోనని సూసిన" అన్నది.

కమల బతికింది. పెడుతున్న కొలత తెలిసినందువల్లనే డాక్టరు దానిని రోజురోజుకూ తగ్గిస్తూ పోగలిగాడు. పోలీసులు రాలేదు. ఆ ఏడు వేములవాడ మొక్కు తీరలేదు. సాఖర్‌పేటకు తిరిగివచ్చిన తరువాత బాలమణి కూతురు మేలుకొని ఉన్నంతసేపు చాట ఒడిలోకి తీసుకోలేదు. బీడీలు తగ్గాయని రాజారాం అన్నప్పుడు, తగ్గాయని మాత్రమే బదులిచ్చేది. కండెలు చుట్టుకోవడం అతడు నేర్చుకోవలసి వచ్చింది. కొడుకు చావుకు ఆమె అత్తను క్షమించలేదు. క్షమించమని పోచమ్మ అడగనూ లేదు.

అయినప్పటికీ, ఏడవని పిల్ల ఏడుస్తున్నదేమని పేటలోని స్త్రీలు అడిగినప్పుడల్లా బాలమణి ఏదీ దాచకుండా చెప్పి, చివరకు ఈ మాట చేర్చేది: గుల్బర్గా దవఖానాలో, కన్నకొడుకు భుజం పట్టి లాగుతుండగా, తనకు జైలు తప్పదని నమ్ముతూ కూడా, నిజం చెప్పినది మా అత్త పోచమ్మ. నా కూతురు ఆమె మాట వల్ల బతికి ఉన్నది.